చదువుకునే బిడ్డకూ హక్కులున్నాయి

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో ఒకటే చర్చ: ఏ కాలేజీలో చేర్చాలి, నీట్‌లో సీటు వస్తుందా రాదా? బిడ్డ ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, మనసులో మాట ఎవరితో చెప్పుకుంటున్నాడు అని అడిగేవారు తక్కువ. వీటికీ చదువుకూ సంబంధం లేదన్నది మన అపోహ.

చదివినది మెదడులో స్థిరపడటానికి నిద్ర కావాలి. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. భయం కూడా చదువుకు శత్రువే. విద్యార్థులపై కాఠిన్యం వారి ఉత్సాహాన్ని చంపి, సోమరితనానికీ అబద్ధానికీ దారితీస్తుందని ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో హెచ్చరించారు.

అయితే మార్కులు వస్తాయి గనుకనే పిల్లల్ని బాగా చూసుకోవాలా? రాకపోతే అక్కర్లేదా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతి పగలూ ఉపవాసం ఉండి, రాత్రంతా నమాజులో గడిపేవారు. దైవప్రవక్త (స) ఆయన్ను వారించారు. అలా చేస్తే కళ్ళు, దేహం నీరసిస్తాయన్నారు. అంతటితో ఆగలేదు, వాటికి ఆయనపై హక్కు ఉందని కూడా చెప్పారు (బుఖారీ). హక్కు అన్నాక లాభనష్టాల బేరం ఉండదు. ఆరాధన విషయంలోనే ఇలాగైతే ర్యాంకు సంగతి వేరే చెప్పాలా?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయకూడదని, అందరి ముందు అవమానించకూడదని చెప్పింది. కోర్టు విద్యాసంస్థలకు చెప్పింది. మరి మన ఇంటికి ఎవరు చెప్పాలి? “చాచా కొడుకును చూసి నేర్చుకో” అని దస్తర్‌ఖాన్ దగ్గర పోల్చేది మనమే కదా!

బద్ధకాన్ని సమర్థించమని కాదు. శ్రమ లేనిదే విద్య రాదు. కానీ శ్రమ వేరు, హింస వేరు. శ్రమించిన బిడ్డ అలసి నిద్రపోతాడు. హింసకు గురైన బిడ్డకు నిద్రే పట్టదు.

బిడ్డ తిండి మానేసినా, మాట తగ్గించినా పక్కన కూర్చొని వినండి. వైద్యుని వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడకండి. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది.

సంతానం మన ఆస్తి కాదు, అమానత్. ఆ అమానత్‌ను కాపాడే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.