పట్టుకున్నవాడిదే పూచీ

“దొంగతనం చేసి జైలుకెళ్ళినవాడి డయాలసిస్‌కి మన పన్నుల డబ్బు దేనికమ్మా? ఎవరి కర్మ వాళ్ళు అనుభవించాలి కదా” అన్నారు ఒక పెద్దాయన, మా గుడిలో గీత చదువుకున్నాక. నేను టెక్సస్‌లో ఒక కౌంటీ ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేస్తానని ఆయనకు తెలుసు. కర్మను నేనూ నమ్ముతాను. కానీ కర్మఫలం ఇచ్చేది భగవంతుడు, షెరీఫ్ కాదు. జడ్జి వేసేది జైలు శిక్ష. కిడ్నీలు పాడైతే చూసేవాళ్ళుండకూడదని ఏ తీర్పులోనూ రాసి ఉండదు. పైగా కౌంటీ జైళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదు. బెయిలు సొమ్ము కట్టుకోలేక వాయిదాల కోసం కూర్చున్నవాళ్ళే చాలామంది.

1973లో ఇదే టెక్సస్‌లో జె.డబ్ల్యు. గాంబుల్ అనే ఖైదీ మీద, జైలు పనిలో ఉండగా పత్తి బేలు పడింది. గుంటూరులో పుట్టినదాన్ని, బేలు మీద పడితే నడుం ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కేసులోనే 1976లో సుప్రీంకోర్టు, ఖైదీకి పెద్ద జబ్బని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగం వద్దన్న క్రూరశిక్షేనని తేల్చింది. బయట ఉన్నవాడు ఎలాగోలా డాక్టరు దగ్గరికి పోగలడు. లోపలున్నవాడు తలుపు తీసేవాడి మీదే ఆధారపడాలి. ధర్మం కూడా ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. ఆ మనిషి మంచివాడా కాడా అన్నది తర్వాతి మాట.

డబ్బు దగ్గరే అంతా చిక్కు. వైద్యం చేయించి తీరాలి కానీ, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో రాష్ట్ర చట్టాలు చూసుకోవాలని 1983లో అదే కోర్టు అన్నది. పేదల వైద్యానికి ప్రభుత్వం నడిపే మెడికెయిడ్, జైల్లో ఉన్నవాళ్ళకు సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరితే మినహాయింపు ఉంది కానీ, టెక్సస్ మెడికెయిడ్‌ను విస్తరించలేదు కనుక పేద మగవాళ్ళలో చాలామందికి అదీ వర్తించదు. చివరికి భారం కౌంటీ మీద, అంటే మన ఇంటిపన్ను మీద పడుతుంది.

అప్పుడేం చేస్తారో నేను చూశాను. మా స్క్రీన్ మీద డబ్బు కట్టేవారి పేరుకు ఒక గడి ఉంటుంది. జైలు నుంచి వచ్చి ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న ఒకతని గడిలో పొద్దున కౌంటీ పేరుంది. మధ్యాహ్నానికి ‘సెల్ఫ్ పే’ అయింది. ఐసీయూకి ఫోన్ చేస్తే, షెరీఫ్ డిప్యూటీలు విడుదల కాగితం తెచ్చి, అతని కాలి సంకెల విప్పుకుని వెళ్ళిపోయారని నర్సు చెప్పింది. తను విడుదలయ్యానని తెలిసే స్పృహ కూడా అతనికి లేదు. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి ఇంటివాళ్ళకు అప్పగించడం దయే, కాదనను. కానీ ఇక్కడ చేతులు మారింది బిల్లు ఒక్కటే.

మళ్ళీ ఆ పెద్దాయన మాటకొస్తే, ఖజానా సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను, అదే మన రామదాసును, గోల్కొండలో బంధించారు. ఆ కొట్టు ఇప్పటికీ చూపిస్తారు. ఆయన పడ్డ బాధ తలుచుకుని, సర్కారు సొమ్ము వాడుకున్నవాడికి తగిన శాస్తేనని ఏ తెలుగువాడూ అనడు. రామభక్తుడు కాబట్టి అనం. మరి భక్తుడు కానివాడి ఒంటికి నొప్పి తక్కువా? మా ఆఫీసులో బాప్టిస్టు స్నేహితురాలు మత్తయి సువార్త 25వ అధ్యాయం చూపించింది. అందులో రోగినీ ఖైదీనీ ప్రభువు పక్కపక్కనే పెట్టి, ఇద్దరిలోనూ తనే ఉన్నానన్నాడు.

కౌంటీని పాలించే కమిషనర్స్ కోర్టు బడ్జెట్ మీద జనం మాట వినే రోజున వెళ్ళి ఒక్కటే అడగాలనుకుంటున్నాను. అదుపులో ఉండగా ఆసుపత్రికి తెచ్చిన మనిషిని మధ్యలో విడుదల చేసినా, డిశ్చార్జి అయ్యేదాకా ఆ గడిలో కౌంటీ పేరే ఉండాలి. అందుకు నా ఇంటిపన్ను పెరిగితే కడతానని కూడా అక్కడే చెబుతాను.