ప్రభువు బల్ల, పొరుగువాని కంచె

కొరింథు పట్టణానికి వచ్చిన పౌలు మొదట పని చూసుకున్నాడు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట చేరి వారితో కలిసి డేరాలు కుట్టాడని అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయం చెబుతుంది. ఆ దంపతులు అక్కడికి కోరి వచ్చినవారు కారు. యూదులంతా రోమును విడిచి వెళ్లాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ వేస్తే, పుట్టుక ఒక్కటే నేరమై ఊరు వదిలినవారు. కొరింథు సంఘ చరిత్ర ఆ వలస కుటుంబపు పనిపాకలో మొదలైంది.

మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు పేటల్లో ఈ అధ్యాయం చదివే తెలుగువానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్‌లలో స్థిరపడిన పద్మశాలీల పూర్వులు తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చినవారే. చాదర్లు, తువ్వాళ్లు నేసే ఈ నగరంలో తెలుగు మాట్లాడే మోచీలున్నారు, కన్నడం మాట్లాడే లింగాయతులున్నారు, ముస్లిం నేతగాళ్లున్నారు, మరాఠీ దళితులున్నారు. అందరి చెవుల్లోనూ సాంచాల (మరమగ్గాల) మోతే. అయినా పక్కపక్కన బతకడం వేరు, ఒకరి గాయం మరొకరికి నొప్పి కావడం వేరు. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్నే సువార్త ప్రశ్నిస్తుంది.

యెరూషలేము దేవాలయంలో అన్యజనుల ఆవరణ దాటగానే రాతి అడ్డుగోడ ఉండేది. దాన్ని దాటిన పరజాతివాడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక ఫలకాన్ని ఫ్రెంచి పండితుడు క్లెర్మోఁ గన్నో 1871లో కనుగొన్నాడు. ఎఫెసీయుడైన త్రోఫిమును ఆ గీత దాటించాడన్న అనుమానంతోనే జనం పౌలు మీద పడ్డారు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయమేమో క్రీస్తు మధ్యగోడను పడగొట్టాడని చాటుతుంది. ఆ మాట రాసే చేతులకు సంకెళ్లున్నాయి. పరజాతుల పక్షాన తాను ఖైదీనయ్యానని ఆ పత్రికే చెప్పుకుంటుంది. ఇక్కడే లోపలి అర్థం ఉంది. రాళ్ల కంటే ముందు గోడ మనసులో లేస్తుంది. అవతలివాడు మైలపడ్డవాడని తేల్చినప్పుడే తన శుద్ధి మీద మనిషికి నమ్మకం కుదురుతుంది. సిలువ దగ్గర కూలిపోయేది ఈ నమ్మకం. అది కూలిన మనిషి అవతలివాని పక్కన నిలబడక మానడు, అందుకు వెల చెల్లించకా తప్పదు.

ఆ శిలాఫలకం వెలుగు చూసిన 1871లోనే మన దేశంలో ఇంకొక గోడ చట్టరూపం దాల్చింది. కొన్ని కులాలలో పుట్టినవారంతా పుట్టుకతోనే నేరస్థులని బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. జాత్యహంకారం ఏ దూరదేశపు జబ్బో అనుకునేవారు సోలాపూర్ సెటిల్‌మెంట్‌ను తలుచుకోవాలి. కైకాడీలు, పార్ధీలు మొదలైనవారిని ముళ్లకంచె లోపల ఉంచి, హాజరు పిలిచి, మిల్లుల్లో పనికి పంపారు. కంచె పోయినా ఆ పేటకు ఆ పేరు ఉండిపోయింది. ఆ చట్టం దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది.

ఈ చరిత్రలో క్రైస్తవులు ఒప్పుకోవలసిన భాగం ఒకటుంది. ఆంధ్ర కోస్తాలో ఎరుకల కుటుంబాల కోసం 1913లో ఏర్పడిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌ను నడిపింది సాల్వేషన్ ఆర్మీ. బడి పెట్టారు, భూమి ఇప్పించారు, వాక్యం చెప్పారు. అయినా కాపలా కాపలాగానే ఉంది. అంతకు మూడేళ్ల ముందే, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దోర్నకల్ తెలుగువారి నడుమ సేవ చేస్తున్న తమిళుడు వి.ఎస్. అజరయ్య లేచి ఒక చేదు నిజం చెప్పాడు. మిషనరీలు ఆస్తినీ ప్రాణాన్నీ ధారపోశారు, మాకు కావలసింది మాత్రం స్నేహం అన్నది ఆయన మాటల సారం. దయ కంచె లోపలికి అన్నం పంపగలదు. స్నేహమైతే కంచె ఎందుకని అడుగుతుంది. లోపలివాని పక్షాన అధికారికి ఎదురు మాట్లాడని ప్రేమ పరిశుద్ధ గ్రంథం చెప్పే ప్రేమకు ఇంకా చాలా దూరంలో ఉంది.

ఈ సోలాపూర్ నగరానికి ఆ పాఠం బయటి నుంచి రానక్కర్లేదు. 1930 మేలో గాంధీజీ అరెస్టు తర్వాత సోలాపూర్ కార్మికులు తిరగబడ్డారు. సైనిక శాసనం వచ్చింది. ఆ తిరుగుబాటు కేసులో 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా ఎరవాడ జైలులో ఉరికంబమెక్కారు. నలుగురివీ వేర్వేరు సముదాయాలు. నగరం మాత్రం వారిని విడదీయకుండా నలుగురు హుతాత్మలని కలిపే తలుచుకుంటుంది. దేవుని ఆత్మ సంఘపు నాలుగు గోడల మధ్యే పని చేస్తుందని అనుకునేవారు ఈ నలుగురి ముందు తల వంచాలి.

మళ్లీ కొరింథుకే వద్దాం. పౌలు డేరాలు కుట్టిన ఆ ఊళ్లోనే తర్వాత సంఘ భోజనం చెడింది. కలిగినవారు ముందు కూర్చుని కడుపునిండా తిన్నారు, లేనివారు ఆకలితో మిగిలారు. పొద్దు వాలేదాకా పని తెమలని దాసులూ కూలీలూ వచ్చేసరికి బల్ల ఖాళీ అయి ఉంటుందని పండితులు ఊహిస్తారు. మొదటి కొరింథీ పత్రిక పదకొండవ అధ్యాయంలో పౌలు ఆగ్రహం సామాన్యమైనది కాదు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. శరీరాన్ని గుర్తెరగకుండా తినేవాడు తన తీర్పును తానే తింటున్నాడన్నాడు. ఆ శరీరం రొట్టె ఒక్కటే అయితే చూపు బల్ల మీద ఉంటే చాలు. మరుసటి అధ్యాయమేమో మీరందరూ క్రీస్తు శరీరమని, ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడతాయని చెబుతుంది. కాబట్టి ఎవరు ఇంకా రాలేదో, ఎందుకు రాలేకపోయారో చూడనివాడు రొట్టెనూ సరిగా చూడనట్టే. పౌలు చెప్పిన విరుగుడు చాలా చిన్నది. ఒకరి కోసం ఒకరు ఆగండి.

సంఘీభావానికి ఇంతకంటే కఠినమైన నిర్వచనం నాకు తెలియదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చే సాంచా కార్మికుడి కోసం, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే తల్లి ఆ వెయ్యీ చుట్టి ఒప్పగించి వచ్చేదాకా ఆరాధన ఆగాలి. ఆగినవారు ఆలస్యానికి కారణం అడగాలి. కూలి తక్కువైతే కూలి గురించి, పార్ధీ యువకుణ్ణి పుట్టుక చూసి అనుమానించి పట్టుకెళ్లారంటే ఆ పట్టుకెళ్లడం గురించి గొంతెత్తాలి. బాధితుడు మన కులమా, మన భాషా, మన సంఘమా అన్న లెక్క అక్కడికి రాకూడదు. తెలుగులో ప్రార్థించేవాడు మరాఠీ దళితుని కోసం, మరాఠీలో ప్రార్థించేవాడు ముస్లిం నేతగాని కోసం పోలీసు ఠాణా మెట్లెక్కిన నాడు మధ్యగోడ పడిందన్న వాక్యానికి మనమూ సాక్షులమవుతాం. అది జరగనంతకాలం బల్ల మీద రొట్టె విరిచినా భోజనం మన కులానిదే, ప్రభువుది కాదు.