వినాయకుణ్ణి చేయబోతే...



"వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందట" అని మనకొక సామెత ఉంది. అనుకున్నదొకటి, అయినదొకటి అన్నప్పుడు నవ్వుతూ వాడతాం. పండుగకు ముందు వారాంతంలో దేవాలయం హాలులో పిల్లలు బంకమట్టి ముందు కూర్చున్నప్పుడు ఈ సామెత తప్పక గుర్తొస్తుంది. ఒకరి వినాయకుడికి తొండం ఊడిపోతుంది. ఇంకొకరి స్వామి బొజ్జ బరువుకు ముందుకు ఒరిగిపోతాడు. అయిదేళ్ళ పిల్లలు ఇవేవీ పట్టించుకోరు, మట్టి పిసుకుతూనే ఉంటారు. పదేళ్ళు దాటినవారు మాత్రం పక్కవారి బొమ్మ చూసి, తమ బొమ్మ చూసుకుని, "నాకు ఆర్ట్ రాదు" అని ముద్దను పక్కన పెట్టేస్తారు. అప్పుడు అమ్మో నాన్నో వచ్చి తొండం సరిచేసి ఫోటోకు సిద్ధం చేస్తారు. అయిదేళ్ళకూ పదేళ్ళకూ మధ్య ఆ పిల్లల చేతుల్లోంచి జారిపోయినది ఏమిటి? ఈ పండుగ వేళ మనం ఆలోచించవలసిన విషయం ఇది.

వ్రతకథ విన్నప్పుడల్లా మన మనసు శిరస్సు పోవడం, గజముఖం రావడం దగ్గర ఆగుతుంది. దానికి ముందున్న ఘట్టాన్ని ఒకసారి గమనిద్దాం. పరమశివుడు వస్తున్నాడన్న సంతోషంతో పార్వతీదేవి అభ్యంగన స్నానానికి సిద్ధమయింది. ఆ సంతోషంలోనే నలుగుపిండితో ఒక బాలుణ్ణి చేసి ప్రాణం పోసింది. అంటే మన స్వామి జన్మకథే ఆనందంతో చేసిన చేతిపనితో మొదలయింది. ఏ లోటూ లేని పరమాత్మ ఈ జగత్తును ఎందుకు సృష్టించాడన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు ఇచ్చిన సమాధానం కూడా "లీల" అనే. ఏదో సాధించడానికి కాదు, ఆనందం ఆటగా మారింది, అంతే.

మరి మన బొమ్మ బాగా రాకపోతే స్వామికి లోటు కాదా? కాదని మన సంప్రదాయమే చెబుతోంది. ఏ పూజకైనా ముందుగా మనం పసుపు వినాయకుణ్ణి చేస్తాం. ఆ చిన్న పసుపు ముద్దకు తొండం ఉండదు, చెవులు ఉండవు, బొజ్జ కూడా ఉండదు. అయినా ఆవాహన చేస్తే స్వామి అందులోకి వస్తాడు. కాబట్టి ఆయనకు మన నైపుణ్యంతో పని లేదు. మట్టిని తడిపి, మెత్తగా పిసికి, ఒక రూపం కోసం వెతుకుతున్నంతసేపూ మన మనసు అక్కడే ఉందా అన్నదే ముఖ్యం. ఆ సేపు కూడా పూజే.

గీత రెండవ అధ్యాయం 47వ శ్లోకం మనలో చాలామందికి కంఠస్థం. కర్మ మీదే అధికారం, ఫలం మీద కాదన్న మాటను మనం ఎంతసేపూ త్యాగబోధగానే వింటాం. ఫలం మీద బెంగ తీరితే చేసే పనిలో ఎంత రుచి మిగులుతుందో మట్టితో కూర్చున్న పసివాడు మనకు చూపిస్తాడు.

మార్కులు, ర్యాంకులు, బోర్డు పరీక్షలు, వీసాలు... మన తరం ఫలాల మీదే పెరిగింది. అవి లేకుండా ఈ దేశం చేరి ఉండేవాళ్ళం కాము, నిజమే. కానీ వైద్యవృత్తిలో ఉన్న మేము ఇంకొకటి కూడా చూస్తుంటాం. అనుకున్నవన్నీ సాధించి, ఉద్యోగ విరమణ చేసి, ఖాళీ చేతులను ఒళ్ళో పెట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్నవారిని. వారికి మేము రాసిచ్చే మందులు నిద్ర పట్టిస్తాయేమో గాని ఇష్టాన్ని తిరిగి తేలేవు.

శాస్త్రం కూడా ఇదే దారి చూపుతోంది. 1973లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలలో కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాం" అని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తరువాత చూస్తే, మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్ళు బొమ్మల మీద గడిపే సమయం సుమారు సగమే. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దలకు 45 నిమిషాలపాటు మట్టి, రంగులు, కాగితాలు ఇచ్చి తోచింది చేయమన్నారు. వారిలో సుమారు 75 శాతం మందికి ఒత్తిడిని సూచించే కార్టిసాల్ తగ్గింది. ఆ తగ్గుదలకు కళలో అనుభవం ఉండటం, లేకపోవడంతో సంబంధం కనబడలేదు. ఇది చిన్న అధ్యయనమే అయినా, "నాకు రాదు" అనేవారు మరోసారి ఆలోచించుకోవాలి.

అందుకే ఈ చవితికి ఒక విన్నపం. పోటీలు, బహుమతులు పక్కన పెడదాం. పిల్లల బొమ్మను మనం దిద్దకుండా, మన ముద్ద మనం తీసుకుని పక్కనే కూర్చుందాం. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలకూ తలా ఒక ముద్ద ఇద్దాం. రంగులు, కాల్చడం అక్కరలేదు. తొండం అతికించే చోట గీతలు గీసి, పలుచటి మట్టినీళ్ళు అద్దితే ఊడదు. నీడన బాగా ఆరిన పచ్చిమట్టి నీటిలో తొందరగా కరుగుతుంది కనుక ఇంట్లో బకెట్టులోనే నిమజ్జనం చేసి, ఆ నీళ్ళు చెట్టుకు పోయవచ్చు.

ఎలాగూ నీళ్ళలో కలిపేదాన్ని ఇంత శ్రద్ధగా చేయమన్నారంటే, మన పెద్దలు ఆ బొమ్మను దాచుకోమని చెప్పలేదన్నమాట. కరిగిపోయేది మట్టి. చేసినప్పటి సంతోషం చేతుల్లో మిగులుతుంది. ఈసారి మన ఇళ్ళలో వినాయకుడు కోతి అయినా నవ్వుకుని, మోకరిల్లి, ఉండ్రాళ్ళు నివేదిద్దాం. రామభక్తుడైన ఆంజనేయుడూ ఆ రూపంలోనే కదా ఉన్నాడు!

ఆ విఘ్నేశ్వరుడు మనందరికీ చేసే పనిలో ఆనందాన్ని ప్రసాదించుగాక. శుభమస్తు.