నీరటి, కాపలా కుక్కలు

ఒక ఊళ్ళో చెరువు తూము చూసే నీరటి మంచాన పడ్డాడు. కొన్ని మడులు మునుగుతున్నాయి, కొన్ని ఎండుతున్నాయి. పొరుగూరి నీరటిని బతిమాలి తెచ్చుకున్నారు. పనిమంతుడే. చిక్కల్లా ఊరి కాపలా కుక్కలతో వచ్చింది. ఊరివాడెవడో పైవాడెవడో వాసనతో పసిగడతాయి గానీ, మేలు చేయడానికి వచ్చాడా దోచుకోవడానికి వచ్చాడా అన్నది వాటి లెక్కలో లేదు. అతన్ని తూము ఛాయలకే రానివ్వలేదు.

కుక్కల్ని కట్టడి చేసే పని తలారి నెత్తిన వేసుకున్నాడు. పొద్దునా మాపటికీ తిరిగి కుక్కల తాళ్ళు సరిచూసేవాడు. మరీ బిగిస్తే రాత్రి నక్కలొచ్చి మేకపిల్లల్ని ఎత్తుకుపోయేవి; వదులైతే నీరటి పిక్క దొరికేది. ఎంత తాడు వదలాలో చేతికి వచ్చేసరికి నెలలు పట్టింది.

ఏళ్ళు గడిచాయి. నీరటి మీద ఒక్క కుక్కా మొరగలేదు. "అలవాటు పడ్డాయిలే, తలారికి మేర గింజలు దండగ" అన్నారు పెద్దలు.

"మరిచిపోలేదు దొరా, నేను కట్టబట్టి ఊరుకున్నాయి" అన్నాడు తలారి. ఎవరు వింటారు! తలారిని మాన్పించేశారు.

మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారమూ కాలేదు. పెద్దలు మీసాలు దువ్వుకున్నారు. నీరటి మాత్రం తూము దగ్గరికి కుంటుతూ వెళ్తున్నాడు. నోరున్న మనిషి కాదు, ఎవరికీ చెప్పుకోలేదు. మడుల్లో నీళ్ళు నిలిచాక గానీ సంగతి బయటపడలేదు. తలారిని మళ్ళీ పిలిచారు, కుక్కలు కట్టుబడ్డాయి. నీరటి కుంటు మాత్రం పోలేదు.

నీతి: కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు కొత్త కిడ్నీయే ఆ నీరటి, ఒంటి రోగనిరోధక శక్తే ఆ కుక్కలు, టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ బిళ్ళలే ఆ తలారి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన మార్పిడికి ఇలాంటి మందుల అవసరం పడలేదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు. మిగతావాళ్ళకు తల్లి ఇచ్చిన కిడ్నీ అయినా ఒంటికి పరాయిదే. అది పనిచేసినన్నాళ్ళూ మందు పడాల్సిందే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుందని మానేసేవాళ్ళు, అది మందు వల్లే బాగుందని మరిచిపోతారు. రిజెక్షన్, అంటే ఒళ్ళు ఆ కిడ్నీ మీద తిరగబడటం, మొదలైనా చాలామందికి నొప్పి ఉండదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. చేతులు వణుకుతున్నాయని, షుగర్ వచ్చిందని, నెలనెలా ఖర్చు భరించలేక కొందరు తమంతట తామే బిళ్ళలు తగ్గించేస్తారు. ఆ కష్టాలు నిజమైనవే, వాళ్ళను తిట్టి లాభం లేదు. డాక్టరుతో చెప్పుకుంటే మోతాదో మందో మార్చే వీలుంటుంది. కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫిట్స్ మందులు, నాటుమందులు టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచేస్తాయి, లేదా పడగొట్టేస్తాయి. కొత్తది ఏది మింగాలన్నా ముందు అడగాలి. లెవెల్ టెస్టు రోజున పొద్దుటి బిళ్ళ ఇంట్లో వేసుకోకుండా జేబులో పెట్టుకెళ్ళి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోవాలి.