రావణ సభలో హనుమ తనను పరిచయం చేసుకున్న తీరు

 

చవితి మండపం, ఆఫీసు దీపావళి, ఫ్రెండ్ పెళ్లి సంగీత్... ఇలా సందడిగా ఉన్న చోటికి వెళ్లగానే మనలో చాలామంది ప్లేటు పట్టుకుని ఓ మూలకి చేరి ఫోన్ తీస్తాం. ఎవరేమనుకుంటారో అని భయం. ఇంకొందరు దీనికి రివర్స్. కంపెనీ, ప్యాకేజీ, కారు అన్నీ రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. నాకైతే రెండూ ఒకటే జబ్బు అనిపిస్తుంది. ఇద్దరి తలలోనూ 'నేను' తప్ప ఎదుటి మనిషి లేడు.

ఇప్పుడు సుందరకాండకి రండి. హనుమంతుణ్ణి కట్టేసి రావణుడి నిండు సభలోకి లాక్కొచ్చారు. చుట్టూ శత్రువులే. స్వామి తలదించుకోలేదు, తొడగొట్టనూ లేదు. రావణుణ్ణి తేరిపార చూశారు. ఏం రూపం, ఏం ధైర్యం, అధర్మమే లేకపోతే దేవలోకాన్ని కూడా ఏలగలడు కదా అని మనసులో మెచ్చుకున్నారు! అవతలివాడి గొప్పని ఒప్పుకుంటూ కూడా తాను చిన్నబోలేదు. (తోక చుట్టి ఎత్తుగా కూర్చున్న కథ మనందరం విన్నదే, కానీ వాల్మీకి అది రాయలేదు.)

నువ్వెవరని ప్రహస్తుడు అడిగాడు. ఇంద్రుడో యముడో పంపితే రాలేదు, పుట్టుకతోనే వానరాన్ని, రాజును చూడాలనే వనం పాడుచేశాను, రాముడి దూతను అన్నారు. పరిచయం అంతే. ఎవరు, ఎందుకొచ్చారు, ఎవరి పని మీద వచ్చారు.

అంతకుముందు అశోకవనంలో ఇదే హనుమ ఎంత ఆలోచించారో! సంస్కృతంలో మాట్లాడితే సీతమ్మ తనను రావణుడే అనుకుని బెదిరిపోతుందేమో అని మామూలు మనుషుల మాటే ఎంచుకున్నారు. అదీ మెల్లగా, రామకథతో మొదలుపెట్టి. కిష్కింధాకాండలో రాముణ్ణి మొదటిసారి కలిసినప్పుడూ అంతే, భిక్షువు వేషంలో వెళ్లారు. ఆ మాటతీరుకి, కనుబొమ్మల కదలికలో కూడా దోషం లేకపోవడానికి రాముడు లక్ష్మణుడితో మెచ్చుకుని చెప్పాడు. అంటే తయారై వెళ్లడం, గొంతు చూసుకోవడం తప్పేం కాదు. అవి ఎదుటివాళ్ల కోసం, అంతే.

అందుకే "కాన్ఫిడెన్స్ లేకపోయినా నటించు" అనే రీల్స్ నాకు ఎక్కవు. హనుమకి ధైర్యం నటన వల్ల రాలేదు, చేతిలో రామకార్యం ఉంది.

ఈ చవితికి ఒకటి చేసి చూడండి. ఫోన్ జేబులో పెట్టి, పులిహోర గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడండి. ఎవరో ఒక పెద్దావిడ "ఏ ఫ్లాట్ బాబూ మీది?" అని అడుగుతారు. చెప్పండి, ఆవిడ గురించి కూడా అడగండి.