గిరి దాటవలసిన విద్య

యువజనులారా, సమష్టి జీవనం మన సంప్రదాయం గనుక విద్యను పంచుకునే గుణం మనకు పుట్టుకతోనే అబ్బిందని పొంగిపోకండి. పంచుకుంటాము, నిజమే, కాని ఎవరితో? ఇంటివారితో, కులంవారితో, కొలువులోని సాటివారితో. మనం గీసుకున్న ఆ గిరికి అవతలివాడు అడిగితే పెదవి విప్పము. ఇవతలివాడే కొత్తమాట పలికితే నవ్వులపాలు చేస్తాము. రెండూ ఘోరమైన దోషాలే.

డచ్చి పండితుడు హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగులను దేశదేశాల్లో ప్రశ్నించి 1980లో గ్రంథం ప్రకటించాడు. ఆయన కొలతలో వ్యక్తివాదం కింద (అంకె తగ్గేకొద్దీ సమష్టితత్వం ఎక్కువ) అమెరికాకు 91, భారతదేశానికి 48, జపానుకు 46 వచ్చాయి. ఆ అంకెలను వేదవాక్కుగా పట్టుకోనక్కరలేదు. అయినా ఆలోచించండి: అంతటి స్వతంత్రుల దేశంలోనే, బయటి ఆలోచనలకు తలుపులు తెరవమని 2003లో ఆచార్య ఛెస్‌బ్రో ‘ఓపెన్ ఇన్నోవేషన్’ పేరిట పుస్తకం రాసి బోధించవలసి వచ్చింది. సమష్టి జపానులో టయోటా తన సరఫరాదారులకు తయారీ మెళకువలు ఉదారంగా నేర్పింది. హైబ్రిడ్ వాహనాల పేటెంట్లను రుసుము లేకుండా లోకానికి ఇవ్వడానికి మాత్రం 2019 దాకా ఆగింది.

ఏ సంప్రదాయమూ తనంతట తాను గిరి దాటించదు. మన నేలమీది సాక్ష్యం వినండి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పట్టుచీరలకు ఆసు పోస్తూ (నేతకు ముందు దారం చుట్టే పని), వేలసార్లు చెయ్యి ఆడించి, భుజం నొప్పితో కుమిలిపోయేది. ఆ బాధ తీర్చే యంత్రం చేస్తానన్న కొడుకు ఆరో తరగతితో చదువు ఆపినవాడు. చుట్టూ ఉన్నవారు పరిహసించారు. అతడు ఏళ్లతరబడి పట్టు వీడలేదు. ఆ ఏకాకి దీక్ష లేనిదే ఆ యంత్రం లేదు. అయితే చివరి చిక్కు విడిపోయింది మగ్గం దగ్గర కాదు. హైదరాబాదులో కరెంటు పనికి వెళ్లిన కర్మాగారంలో మరేదో యంత్రం కదలికను చూసినప్పుడు! 1999లో ఆసు యంత్రం సిద్ధమైంది. ఆపైన పల్లెసృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సంస్థలు ఆసరా ఇచ్చాయి. 2017లో పద్మశ్రీ వచ్చింది. నవ్విన నాపచేనే పండింది.

పంచుకోమంటే సృష్టికర్త పేరు చెరిపివేయమని కాదు. మల్లేశానికి పేటెంటూ దక్కింది, యంత్రం నేత కుటుంబాలకూ చేరింది. ఊహ ఎవరిదో వారి రుణం నలుగురిలో ఒప్పుకోండి. అప్పుడే ఎవరూ విద్యను దాచరు.

పెద్దలారా, ఎదురుమాట పలికిన చిన్నవాణ్ణి కసరకండి, చివరిదాకా వినండి. నేర్చినవారలారా, మీవాడు కాని మనిషిని పిలిచి మీ పని చూపండి, అతని తప్పొప్పులు అడగండి. ఈ పని రేపటికి వాయిదా వేయకండి.