త్యాగము ఎవరిది?

ఆదర్శము ఎంత ఉన్నతమైనదైనను, దాని పేరిట ఎవరి పొయ్యి ఆరిపోవుచున్నదో చూచుకొనుట ధర్మము. ఆంగ్ల నాటకకర్త జాన్ గాల్స్‌వర్దీ రచించిన ‘స్ట్రైఫ్’ అను నాటకమున ఈ ధర్మసంకటము కన్నులకు కట్టును. 1909లో లండన్ నగరమున ప్రదర్శింపబడిన ఈ నాటకమును ప్రేమ్‌చంద్ ‘హడ్తాల్’ అను పేర హిందీలోనికి తెచ్చెను.

వేల్సు సరిహద్దున ఒక తగరపు రేకుల కర్మాగారము కలదు. శీతకాలమంతయు సమ్మె సాగినది. కథ జరుగు కాలము మాత్రము ఫిబ్రవరి 7వ తేదీ మధ్యాహ్నము మొదలు సాయంకాలము ఆరు గంటల వరకే. కంపెనీ అధ్యక్షుడు ఆంథొనీ వయోవృద్ధుడు. నాలుగు పర్యాయములు కార్మికులను ఓడించినవాడు. ఒక్క మెట్టు దిగినను సర్వము కూలునని అతని నిశ్చయము. కార్మిక నాయకుడు రాబర్ట్స్. అతడు కనిపెట్టిన పద్ధతి వలన కంపెనీ లక్ష పౌండ్లు గడించగా, అతనికి దక్కినవి 700 పౌండ్లు. అయినను అతడు స్వలాభమునకై పోరాడుటలేదు. కూడబెట్టినదంతయు సమ్మెకే ధారపోసెను. ధనము మనుష్యుని శాసింపని లోకము రాబోవు తరముల వారికైనను దక్కవలెనని అతని స్వప్నము.

ఆ స్వప్నము అసత్యమని ఎవరనగలరు? ప్రకృతికి ఎదురు నిలువరాదని తమ ప్రార్థనామందిరము బోధించుచున్నదని సభలో వృద్ధ భక్తుడు థామస్ పలుకును. ఆకలిగొన్నవానికి అణకువను మాత్రమే బోధించు మతము యజమానికి ఊడిగము చేయునదే. ఇచట రాబర్ట్స్ పక్షమే న్యాయము.

కాని అతని ఇంట భార్య ఆనీ గుండెజబ్బుతో, చలిలో కృశించుచున్నది. ఆమె పూర్వము ఆంథొనీ కుమార్తెకు పరిచారిక. ఆ యువతి కరుణతో సాయము తెచ్చినను రాబర్ట్స్ అంగీకరింపడు. తన ధనమును, తన సుఖమును అర్పించుట త్యాగమే. ఆనీ ప్రాణమును అర్పించుటకు అతనికి అధికారమెక్కడిది? పుట్టబోవు వారిపై అంత ప్రేమ గలవాడు ఎదుట కూర్చున్నదాని శ్వాసను వినలేకపోయెను. ఆంథొనీ చెవియు అట్టిదే, అయితే అతని ఇంట పొయ్యి చక్కగా మండుచుండెను. ఈ భేదమును మరచి ఇరువురిని సమానముగా తూచుట తగదు. డైరెక్టర్లలో ఒకనికి తన భార్య ఆరోగ్యమునకై ఆమెను స్పెయిన్ దేశమునకు తీసికొనిపోవలెనను తొందర!

రాబర్ట్స్ సభలో ఉత్తేజకరముగా ప్రసంగించుచుండగనే ఆనీ మరణించెను. అతడు ఇంటికి పరుగెత్తగా కార్మికులు రాజీకి మొగ్గిరి. అటు డైరెక్టర్లును ఆంథొనీని త్రోసిపుచ్చిరి. తమవారిచేతనే విడువబడిన ఆ ఇరువురును తుదకు ఎదురెదుట నిలిచి, ఒకరికొకరు తలలు వంచిరి.

రాజీపత్రమును చూచి కంపెనీ కార్యదర్శి విస్తుపోయెను. సమ్మెకు పూర్వమే తానును సంఘ ప్రతినిధియు కలిసి వ్రాసి ఉభయపక్షములకు చూపిన షరతులే అవి. ఒక్కటియు మారలేదు.